వెనక కూర్చునే ఆమెకు హెల్మెట్: ముందు తల కొలవండి, రంగు తర్వాత

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బండి మీరు నడుపుతారు, మీ ఆవిడ వెనక కూర్చుంటారు. ఇన్నాళ్లూ మీ పాత హెల్మెట్ ఆమెకు ఇస్తూ వచ్చారు. అది వదులుగా ఉందని, బరువుకి మెడ లాగేస్తోందని, జుట్టంతా చిక్కు పడుతోందని ఆమె అంటున్నారు. అందుకని తేలిగ్గా ఉండే ‘లేడీస్ హెల్మెట్’ ఒకటి, తల పైభాగం మాత్రమే కప్పేది, ఆమెకు చెప్పకుండా ఆన్‌లైన్‌లో తెప్పించి బహుమతిగా ఇద్దామనుకుంటున్నారు. మీది ఎల్ సైజు కాబట్టి ఆమెకు ఎస్ సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పేస్తాను. చెప్పకుండా తెప్పించడం వద్దు, సగం హెల్మెట్ వద్దు, సైజు ఊహించి కొనడం అసలే వద్దు. ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి. తలకు పెట్టి చూసి, గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ కొనండి. చిన్న సైజుల కోసం విడిగా చిన్న షెల్ (బయటి గట్టి పెంకు) చేసే మోడల్ అయితే బరువు కూడా తగ్గుతుంది. ఆమె చెప్పిన మూడు ఇబ్బందుల్లో వదులు, మెడ లాగడం రెండూ ఎక్కువగా సైజు తప్పడం వల్ల వచ్చేవే. జుట్టు సంగతి వేరు. దానికీ మార్గం ఉంది, కింద రాశాను.

హెల్మెట్ కొనడానికి వచ్చినవాళ్ల తల కొలిచి, సరిపోయేది చూసి పెట్టడమే చాలా ఏళ్లుగా నా పని. దూర ప్రయాణాల్లో మా ఆయన నడిపితే వెనక కూర్చునేదాన్ని నేనే. అందువల్ల ఈ ప్రశ్నకు రెండు వైపుల నుంచీ జవాబు చెప్పగలను.

ముందు ‘వెనక కూర్చునేవాళ్లకు చిన్నది చాలు’ అన్న ఆలోచన గురించి. చాలామంది అలాగే అనుకుంటారు. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకు దాదాపు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. బండి ఆగి ఉన్నా సరే, అంత ఎత్తు నుంచి తల నేరుగా కింద పడితే నేలను తాకేసరికి దాని వేగం గంటకు 20 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. బండి వేగం దీనికి అదనం. ‘మేము ఊళ్లోనే తిరుగుతాం, మెల్లగా వెళ్తాం’ అనేవాళ్లకు నేను ఒక పాత అధ్యయనం గుర్తు చేస్తుంటాను. హ్యారీ హర్ట్ బృందం అమెరికాలో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ఆ ప్రమాదాల్లో సగం, ఢీకొన్న క్షణంలో వేగం గంటకు 35 కిలోమీటర్ల లోపు ఉన్నవే. అంటే మనం ‘మెల్లగా’ అనుకునే వేగం. పడేటప్పుడు ముందు కూర్చున్నవాళ్లకు కనీసం హ్యాండిల్ చేతిలో ఉంటుంది, ఏం జరగబోతోందో ఒక్క క్షణం ముందు తెలుస్తుంది. వెనక ఉన్నవాళ్లకు ఆ రెండూ ఉండవు.

హెల్మెట్ ఎంత కాపాడుతుందన్నదానికి కూడా లెక్క ఉంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ సమీక్ష ఒకటి 2008లో వెలువడింది. మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో హెల్మెట్ వల్ల చనిపోయే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయని తేల్చింది. ఆ మేలు దక్కాలంటే హెల్మెట్ తల మీద ఉండాలి, పడ్డాక కూడా తల మీదే ఉండాలి. మీ ఆవిడ పెట్టుకుంటున్న మీ పాత హెల్మెట్ విషయంలో నాకున్న భయం అదే. వదులు హెల్మెట్ మొదటి దెబ్బకే ఊడిపోవచ్చు. రెండో దెబ్బ నేరుగా తలకే.

లోపల జరిగేది కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే బిగుతు గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో అర్థం కాదు. బయటి గట్టి పెంకుని షెల్ అంటాం. అది దెబ్బను ఒక్క చోటే పడకుండా పరుస్తుంది, మొనదేలినవి లోపలికి దిగకుండా ఆపుతుంది. దాని లోపల థర్మాకోల్ లాంటి పొర ఉంటుంది, ఈపీఎస్ అంటారు. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తల ఆగడానికి ఇంకాస్త సమయం ఇస్తుంది. ఆ కాసింత సమయమే మెదడుని కాపాడేది. తలకీ ఆ పొరకీ మధ్య ఖాళీ ఉంటే, షెల్ నేలకు తగిలి ఆగిన తర్వాత తల లోపల విడిగా వచ్చి కొట్టుకుంటుంది. మనం వేలితో నొక్కితే మెత్తగా తగిలే గుడ్డ, స్పాంజి సౌకర్యం కోసం, పట్టు కోసం ఉన్నవి. ప్రాణం కాపాడేది అవి కాదు. ‘ఇది ఎంత మెత్తగా ఉందో’ అని స్పాంజిని చూసి కొనేవాళ్లను రోజూ చూస్తుంటాను.

ఇప్పుడు వెనక సీటు ప్రత్యేకత. ఇది నడిపేవాళ్లకు అంత తొందరగా తట్టదు. నడిపేవాళ్లకు గుంత కనిపిస్తుంది, మెడ ముందే సిద్ధమవుతుంది. వెనక ఉన్నవాళ్లకు ఎదురుగా కనిపించేది ముందున్న వీపూ హెల్మెట్టూ. బ్రేక్ పడ్డప్పుడల్లా తల ముందుకు ఊగుతుంది, గేరు మారినప్పుడల్లా వెనక్కి. రెండు హెల్మెట్లూ టక్ మని కొట్టుకోవడం అందరికీ అనుభవమే. పైగా చాలా బండ్లకు వెనక సీటు కాస్త ఎత్తుగా ఉంటుంది. ముందున్న హెల్మెట్ చీల్చిన గాలి సుడులు తిరుగుతూ నేరుగా వెనక ఉన్నవాళ్ల ముఖానికి వచ్చి కొడుతుంది. అందుకే ఒకే హెల్మెట్ మీకు ముందు సీట్లో నిశ్శబ్దంగా అనిపించి, ఆమెకు వెనక సీట్లో హోరు పెట్టవచ్చు. ‘నాకు ఏమీ అనిపించలేదే’ అని మీరంటే అది నిజమే కావచ్చు, కానీ ఆమె సీటు మీది కాదు.

ఈ కారణాల వల్ల వెనక కూర్చునేవాళ్లకు షెల్ చిన్నగా ఉండటం, బరువు తక్కువగా ఉండటం, ముందుకు పొడుచుకొచ్చిన టోపీ లాంటి పీక్ లేకపోవడం ముఖ్యం. మట్టి దారుల కోసం చేసే హెల్మెట్లకు నుదుటి మీద పీక్ ఉంటుంది. చూడటానికి బాగుంటుంది కానీ వెనక సీట్లో బ్రేక్ పడ్డప్పుడల్లా అది వెళ్లి ముందున్న హెల్మెట్‌కి పొడుచుకుంటుంది. వేగం పెరిగితే గాలి దాన్ని పైకి లాగుతుంది, ఆ లాగుడంతా మెడ మీదే పడుతుంది.

‘లేడీస్ హెల్మెట్’ అంటే ఏమిటి? చాలాసార్లు అదే షెల్, అదే థర్మాకోల్, బయట పువ్వులో గులాబీ రంగో. కొన్ని సంస్థలు నిజంగానే బుగ్గల దగ్గర మెత్తల ఆకారం మారుస్తాయి, మెడ వెనక జుట్టు కోసం చిన్న గాడి ఇస్తాయి. అలాంటివి ఉంటే మంచిదే, కానీ ఆ పేరు ఉన్నంత మాత్రాన ఆమెకు సరిపోతుందని కాదు, లేనంత మాత్రాన సరిపోదని కాదు. సగటున ఆడవాళ్ల తల చుట్టుకొలత మగవాళ్లకంటే కాస్త తక్కువ ఉంటుంది. కానీ సగటుని చూసి ఎవరికీ హెల్మెట్ కొనలేం. ఎల్ సైజు తల ఉన్న ఆడవాళ్లు, ఎస్ సైజు తల ఉన్న మగవాళ్లు నా దగ్గరకు తరచూ వస్తారు. మీది ఎల్ కాబట్టి ఆమెది ఎస్ అన్న లెక్కకు ఆధారం లేదు.

అసలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, కొనేవాళ్లు దాదాపు ఎవరూ అడగరు: ఈ మోడల్‌లో ఎన్ని షెల్ సైజులు ఉన్నాయి? ప్రతి సైజుకీ విడిగా షెల్ చేయాలంటే అచ్చులకు చాలా ఖర్చవుతుంది. అందుకని చాలా చవక మోడళ్లలో ఒకటే షెల్ చేసి, లోపలి పొరల మందం మార్చి ఎక్స్ఎస్ నుంచి ఎక్స్ఎల్ దాకా అమ్ముతారు. దాంతో చిన్న తల ఉన్నవాళ్లకు పెద్ద షెల్ అంటగట్టినట్టవుతుంది. చూడటానికి తల కంటే హెల్మెట్టే పెద్దగా కనిపిస్తుంది, బరువు తగ్గదు, గాలికి ఎక్కువ అడ్డుతుంది. అద్దంలో చూసుకుని ‘నాకు ఏ హెల్మెట్టూ నప్పదు’ అని బాధపడే ఆడవాళ్లను చూశాను. సమస్య వాళ్ల తలలో లేదు, ఆ షెల్‌లో ఉంది. రెండు మూడు షెల్ సైజుల్లో చేసే మోడల్‌లో అదే కొలత తెచ్చి పెడితే ముఖమే మారిపోతుంది. మోడల్ వివరాల్లో ఈ సంఖ్య రాసి ఉంటుంది, లేదంటే అడిగితే చెప్తారు. ఎస్, ఎల్ సైజుల హెల్మెట్లు రెండూ పక్కపక్కన పెట్టి చూసినా తెలిసిపోతుంది.

బరువు విషయానికొస్తే, ఫుల్ ఫేస్ హెల్మెట్లు చాలావరకు 1.2 నుంచి 1.6 కిలోల మధ్య ఉంటాయి. ముందు భాగం పైకి లేచే ఫ్లిప్ అప్ రకం, దాని కీళ్ల వల్ల, సాధారణంగా ఇంకొంచెం బరువు. ఫైబర్ గ్లాస్, కార్బన్ షెల్‌లు పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ కంటే తేలిగ్గా చేయడానికి వీలవుతుంది, కానీ కార్బన్ అనగానే భద్రత ఎక్కువ అనుకోకండి. సంఖ్య కంటే కూడా బరువు ఎలా పడుతోందన్నది ముఖ్యం. తలకు అతుక్కున్న 1.5 కిలోలు, ముందుకు జారి వేలాడే 1.3 కిలోల కంటే తేలిగ్గా అనిపిస్తాయి. మీ ఆవిడ ఇప్పుడు పడుతున్న మెడ నొప్పిలో పెద్ద భాగం ఇదేనని నా అనుమానం. వదులు హెల్మెట్ గాలికి ఊగుతుంటే, దాన్ని నిలబెట్టడానికి మెడ దారి పొడుగునా పని చేస్తూనే ఉంటుంది. ఆమెకు డాక్టర్ చెప్పిన మెడ ఎముకల సమస్య ఏదైనా ఉంటే మాత్రం హెల్మెట్ కొనేముందు ఆ డాక్టర్‌నే అడగండి. అది హెల్మెట్ మార్చితే తీరే విషయం కాదు.

కొలత ఇలా తీయండి. బట్టలు కుట్టేవాళ్లు వాడే మెత్తటి టేపు తీసుకోండి. కనుబొమలకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల పైన, చెవులకు పైన, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టండి. కొంచెం పైకీ కిందకీ జరిపి మరో రెండుసార్లు కొలిచి, అన్నిట్లో పెద్దది తీసుకోండి. టేపు లేకపోతే దారం చుట్టి స్కేలు మీద పెట్టండి. జుట్టు ఆమె ప్రయాణంలో ఎలా ఉంచుకుంటారో అలాగే ఉండాలి. చాలా సంస్థల పట్టికల్లో 53-54 సెంటీమీటర్లు ఎక్స్ఎస్, 55-56 ఎస్, 57-58 ఎం, 59-60 ఎల్ అని ఉంటుంది. కానీ ఒక సంస్థ ఎస్ అన్నది ఇంకో సంస్థ దగ్గర ఎక్స్ఎస్ కావచ్చు. అక్షరం గుర్తుపెట్టుకోకండి, సెంటీమీటర్లు గుర్తుపెట్టుకోండి. కొలత రెండు సైజుల మధ్య పడితే ముందు చిన్నది పెట్టి చూడండి.

చుట్టుకొలత ఒక్కటే సరిపోదు, తల ఆకారం కూడా చూడాలి. పైనుంచి చూస్తే కొందరి తల గుండ్రంగా, కొందరిది ముందుకీ వెనక్కీ పొడుగ్గా ఉంటుంది. పొడుగు తలకి గుండ్రటి హెల్మెట్ పెడితే నుదుటి మధ్యలో నొప్పి పుడుతుంది, పక్కల వదులు. గుండ్రటి తలకి పొడుగు హెల్మెట్ పెడితే కణతలు నొక్కేస్తాయి. ఇలాంటప్పుడు పెద్ద సైజుకి వెళ్తే నొప్పి తగ్గుతుంది, కానీ హెల్మెట్ వదులవుతుంది. మార్చాల్సింది సైజు కాదు, మోడల్.

పెట్టుకునేటప్పుడు రెండు స్ట్రాప్‌లనూ బయటికి లాగి పట్టుకుని దించాలి. లోపలికి వెళ్లేటప్పుడు బిగుతుగానే ఉంటుంది. కొత్తలో బుగ్గలు కొంచెం పైకి నెట్టినట్టు ఉండాలి, నములుతుంటే లోపలి బుగ్గ పళ్ల కింద పడేలా ఉన్నా పర్వాలేదు. వాడుతూ పోతే బుగ్గల దగ్గరి మెత్తలు కాస్త అణుగుతాయి. నుదుటి పట్టీకీ చర్మానికీ మధ్య వేలు దూరకూడదు. అంచు కనుబొమలకు కొంచెం పైనే ఉండాలి, నడినెత్తికి జరిగి ఉండకూడదు.

ఒకసారి ఒక జంట వచ్చారు. ఆమె హెల్మెట్ పెట్టుకున్నారు, ఆయనే ‘బాగుంది, హాయిగా ఉందంట’ అని చెప్పారు. నేను ఆమె ఎదురుగా నిలబడి, గడ్డం దగ్గర హెల్మెట్‌ని రెండు చేతులా పట్టుకుని, తల కదపొద్దని చెప్పి మెల్లగా పక్కకు తిప్పాను. హెల్మెట్ తిరిగింది, తల తిరగలేదు. ఆమె ముక్కు దాదాపు వైజర్ (ముఖం ముందుండే అద్దం) అంచు దాకా వచ్చింది, ఒక కన్ను మూసుకుపోయింది. ఆయన గతుక్కుమన్నారు. సరైన సైజు తెచ్చి మళ్లీ అదే పని చేస్తే నుదుటి చర్మం, బుగ్గలు హెల్మెట్‌తో పాటే కదిలాయి. ఆమె మొదట ‘ఇది టైట్’ అన్నారు. పావుగంట ఉంచుకోమని కుర్చీ వేశాను. తీశాక నుదురు చూస్తే అంతటా ఒకేలా లేత ఎరుపు ఉంది, ఎక్కడా చుక్కలా కందలేదు. అదే సరిపోయిన గుర్తు. ఒకే చోట ఎర్రగా, నొప్పిగా ఉంటే ఆ మోడల్ ఆమెది కాదు. మీరూ ఇలాగే చేయండి, పదిహేను ఇరవై నిమిషాలు తప్పకుండా ఉంచి చూడండి. ఆ సమయంలో ‘ఎలా ఉంది’ అన్న ప్రశ్నకు జవాబు ఆమెనే చెప్పనివ్వండి.

రెండో పరీక్ష. స్ట్రాప్ బిగించాక, ఆమెను తల కొంచెం వంచమని చెప్పి, మెడ దగ్గర హెల్మెట్ వెనక అంచుని పట్టుకుని పైకీ ముందుకీ దొర్లించినట్టు లాగండి. కళ్ల మీదికి వచ్చేస్తే, లేదా ఊడి వచ్చేస్తే, అది ఎంత మంచి సంస్థదైనా పక్కన పెట్టేయండి. స్ట్రాప్‌కీ గడ్డం కింద చర్మానికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు చాలు. ‘డి’ ఆకారపు రెండు రింగుల్లోంచి స్ట్రాప్ దూర్చి బిగించే రకం గట్టిది, అలవాటు కావాలి. పళ్ల పట్టీ టకటకమని బిగిసే రకం రోజువారీ వాడకానికి తేలిక. ఏ రకమైనా సరే, సహాయం లేకుండా ఆమె తనంతట తాను పెట్టుకుని తీసుకోగలగాలి.

ఇక జుట్టు. ఇది చిన్న విషయం కాదు. హెల్మెట్ పెట్టుకోకపోవడానికి నేను ఎక్కువగా విన్న కారణం ఇదే. నడినెత్తిన ముడి, ఎత్తుగా కట్టిన పోనీటెయిల్ ఉంటే హెల్మెట్ పూర్తిగా దిగదు. వెనక ఎత్తుగా నిలబడి ముందుకు వాలుతుంది. దానికోసం పెద్ద సైజు కొనడం చాలామంది చేసే పని, కానీ జుట్టు విప్పిన రోజు అదే హెల్మెట్ గిరగిరా తిరుగుతుంది. మెడ దగ్గర, హెల్మెట్ అంచుకి కిందుగా మొదలయ్యే వదులు జడ అన్నిటికంటే మంచిది. జడ చివరను జాకెట్ లోపలికి వేసుకోవాలి. చిక్కు పడేది హెల్మెట్ లోపల ఉన్న జుట్టు కాదు, బయట గాలికి కొట్టుకునే చివరలు. తల మీద పల్చటి నూలు లేదా పట్టు క్యాప్ వేసుకుంటే జుట్టు రాసుకోదు, చెమట, నూనె లోపలి గుడ్డకి అంటవు. ఆ క్యాప్ ఉంచే కొలత తీయండి. తడి జుట్టు మీద హెల్మెట్ పెట్టుకోకపోవడం మంచిది, లోపలి గుడ్డ ఆరక వాసన పడుతుంది.

క్లిప్పులు, పిన్నులు మాత్రం నేను ఒప్పుకోను. తలకీ హెల్మెట్‌కీ మధ్య గట్టి వస్తువు ఏది ఉన్నా, దెబ్బ పడ్డప్పుడు ఆ ఒక్క చోటే గుచ్చుకుంటుంది. పళ్లతో పట్టే పెద్ద క్లిప్ అయితే మరీ ప్రమాదం. గుడ్డ రబ్బరుబ్యాండ్ చాలు. వేలాడే చెవిపోగులు హెల్మెట్ తీసేటప్పుడు ఇరుక్కుని చెవి తమ్మెను లాగుతాయి. చిన్న దిద్దుల వెనక శీల కూడా గంట ప్రయాణంలో చెవి వెనక పుండు చేస్తుంది. తీసి పెట్టుకోవడానికి బ్యాగులో చిన్న పర్సు ఒకటి ఉంచమనండి. కళ్లజోడు ఉంటే కొనేటప్పుడే జోడుతో సహా పెట్టి చూడాలి. కణతల దగ్గర మెత్తల్లో కాడలకి గాడి ఉన్న మోడళ్లు దొరుకుతాయి.

ఫుల్ ఫేస్ ఎందుకు? జర్మనీలో హానోవర్‌లో డీట్మార్ ఒట్టే ప్రమాదాల్లో దెబ్బతిన్న హెల్మెట్ల మీద గుర్తులు ఎక్కడెక్కడ పడ్డాయో పరిశీలించారు. సుమారు మూడో వంతు గడ్డం, దవడ ప్రాంతంలోనే ఉన్నాయి. సగం హెల్మెట్‌కి ఆ భాగమే లేదు. చెవులూ కణతలూ కూడా చాలావాటిలో బయటే ఉంటాయి. మీరు అనుకున్న తేలిక రకం నేను వద్దన్నది ఇందుకే.

‘ముఖమంతా మూసేస్తే ఊపిరాడదు’ అని మీ ఆవిడ అంటే తీసి పారేయకండి. నిజంగానే కొందరికి టెన్షన్‌గా ఉంటుంది. ఎక్కువమందికి అది గాలి అందక కాదు, శబ్దం మూసుకుపోవడం వల్ల, కళ్ల ముందున్న సందు ఇరుకుగా అనిపించడం వల్ల. వెడల్పాటి వైజర్, గడ్డం దగ్గరా నెత్తి మీదా తెరిచి మూసే గాలి రంధ్రాలు ఉన్నది చూడండి. ఇంట్లో టీవీ చూస్తూ వైజర్ ఎత్తి కాసేపు ఉంచుకుంటే కొన్నాళ్లకు అలవాటవుతుంది. అయినా కుదరకపోతే ఫ్లిప్ అప్ మంచి మధ్యే మార్గం. బండి ఆగినప్పుడు ముందు భాగం పైకెత్తుకోవచ్చు, కళ్లజోడు పెట్టుకోవడమూ తేలిక. కానీ బండి కదిలితే అది మూసి ఉండాలి. కొనేముందు గుర్తు చూడండి. యూరప్ ప్రమాణం ఉన్న హెల్మెట్ స్ట్రాప్ మీద లేబుల్ ఉంటుంది. అందులో ‘పి’ అంటే గడ్డం భాగం రక్షణ పరీక్ష నెగ్గింది, ‘జె’ అంటే గడ్డం భాగం లేని రకం, ‘ఎన్‌పి’ అంటే గడ్డం భాగం ఉన్నా రక్షణ ఇవ్వదు. ఫ్లిప్ అప్ అయితే ‘పి/జె’ అని ఉండాలి.

ప్రమాణాల గురించి ఎక్కువ రాయను. మీరుండే చోట చట్టం ఏ గుర్తు అడుగుతుందో అది తప్పనిసరి. దాని పైన, యూరప్ వాళ్ల ఈసీఈ 22.06 ఉంటే నేను దానికి మొగ్గు చూపుతాను. పాత 22.05లో లేని రెండు విషయాలు ఇందులో వచ్చాయి. తక్కువ వేగం, ఎక్కువ వేగం దెబ్బలను విడివిడిగా పరీక్షిస్తారు. ఏటవాలుగా తగిలి తలను తిప్పేసే దెబ్బనూ పరీక్షిస్తారు. మెదడుకి ఆ మెలి చాలా చేటు చేస్తుంది. లేబుల్ మీద అనుమతి సంఖ్య 06తో మొదలైతే అది కొత్త ప్రమాణం. అమెరికా రవాణా శాఖ ప్రమాణానికి సరిపోతుందని చెప్పే డాట్ గుర్తుని తయారీదారే తనకు తాను వేసుకుంటాడు, ప్రభుత్వం తర్వాత మార్కెట్లో కొన్నిటిని తీసి పరీక్షిస్తుంది. అందువల్ల ఉత్త స్టిక్కర్ చూసి మోసపోకండి. బ్రిటన్ రవాణా శాఖ నడిపే షార్ప్ అనే పథకం హెల్మెట్లకు ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తుంది. మీరు చూసిన మోడల్ అందులో ఉంటే ఒకసారి వెతకండి, ఖరీదైనవన్నీ పైన ఉండవని తెలుస్తుంది.

వైజర్ రంగు లేని, పారదర్శకమైనదే తీసుకోండి. నల్లది సాయంత్రం దాటాక పనికిరాదు. వర్షంలో, చలిలో ఆవిరి పట్టకుండా లోపల రెండో పొర అమర్చుకునే వీలుంటే మంచిది. వెనక కూర్చున్నవాళ్లకు దారి కనిపించకపోతేనే కడుపులో తిప్పుతుంది, భయం వేస్తుంది. మాట్లాడుకోవడానికి ఇంటర్‌కామ్ పెట్టాలనుకుంటే చెవుల దగ్గర స్పీకర్‌కి గుంట ముందే ఉన్న మోడల్ చూడండి. థర్మాకోల్‌ని కోసి గుంట చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నా అనుభవంలో ఇంటర్‌కామ్ మంచి ఖర్చే. ‘కొంచెం మెల్లగా’ అని చెప్పడానికి వీపు తట్టాల్సిన పని ఉండదు.

రంగు, డిజైన్ పూర్తిగా ఆమెకే వదిలేయండి. సరిపోయే మోడళ్లు రెండు మూడు తేలాక అందులో ఆమెకు నచ్చింది తీసుకోండి. నచ్చిన హెల్మెట్ రోజూ తల మీద ఉంటుంది, నచ్చనిది గోడకి వేలాడుతుంది. లేత రంగులు చీకట్లో కాస్త బాగా కనిపిస్తాయి, అంతవరకు చెప్పి ఊరుకోండి.

మీ పాత హెల్మెట్ ఆమెకే కాదు, ఇంకెవరికీ ఇవ్వకండి. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదైతే లోపలి పొర నలిగిపోయి ఉండొచ్చు, బయటికి ఏమీ కనిపించదు. దెబ్బ తినకపోయినా, హెల్మెట్లను పరీక్షించే అమెరికా సంస్థ స్నెల్ ఫౌండేషన్ ఐదేళ్లకు మార్చమంటుంది. పడేసేముందు స్ట్రాప్ కత్తిరించండి, ఎవరూ తీసి వాడకుండా.

దగ్గర్లో పెట్టి చూసే వీలు అసలే లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించొచ్చు, కానీ సైజు మార్చుకునే వీలున్న చోటే. వచ్చాక ప్లాస్టిక్ కవర్లు, స్టిక్కర్లు తీయకుండా ఇంట్లోనే పావుగంట పెట్టి, పైన చెప్పిన రెండు పరీక్షలూ చేయండి.

కొన్న తర్వాత, హెల్మెట్‌ని బండి అద్దాల కొనల మీద తగిలించే అలవాటు మానండి. లోపలి పొరలో సొట్టలు పడతాయి. పెట్రోలు, థిన్నర్ లాంటివి షెల్‌కి తగలకూడదు, ముఖ్యంగా పాలికార్బొనేట్‌కి. లోపలి గుడ్డ ఊడదీసి సబ్బు నీళ్లతో ఉతికి నీడలో ఆరేయండి. ఒక నెల వాడాక పక్కకి తిప్పి చూసే పరీక్ష మళ్లీ చేయండి, అప్పటికి మెత్తలు అణిగి ఉంటాయి. బుగ్గల దగ్గర కాస్త వదులైతే కొత్త హెల్మెట్ అక్కర్లేదు. చాలా మోడళ్లకు మందమైన బుగ్గ మెత్తలు విడిగా దొరుకుతాయి, మోడల్ పేరూ సైజూ చెప్పి అడగండి. నుదుటి దగ్గరే వదులైతే మాత్రం సైజు పెద్దదైందన్నమాట, మెత్తలు మార్చినా అది సర్దుకోదు.